నోటిమాటను కాగితం మీద పెట్టించిన నర్సు – మేరీ ఆగ్నెస్ స్నైవ్లీ



కెనడాలోని మన తెలుగు సంఘాల్లో నర్సులు లేని సంఘం అరుదు. ఆదివారం ఆరాధనకు వచ్చినవారిలో ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవారే అయివుంటారు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, చివరి అరగంట రాతపనితోనే సరిపోయిందని వాళ్లు అనడం మనం వింటూ ఉంటాం. ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, జ్వరం ఎంత ఉంది, రోగి ఎంత నీరు తాగాడు, ఏది తినకూడదు, ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు – అన్నీ రాయాలి. బయటివారికి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. ఈ దేశపు ఆసుపత్రుల్లో ఆ రాత అసలు లేని రోజులు ఉండేవి. టొరంటోలో దాన్ని పట్టుబట్టి నిలబెట్టినవారి జీవితం ఈ నెల చెప్పుకుందాం. ఆవిడ పేరు మేరీ ఆగ్నెస్ స్నైవ్లీ. కెనడా నర్సింగ్ చరిత్ర చదివినవారందరికీ తెలిసిన పేరు. మన ఇళ్లలో మాత్రం ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినిపించినంతగా ఈ పేరు వినిపించదు.

స్నైవ్లీ గారు 1847 నవంబరులో సెయింట్ క్యాథరిన్స్‌లో పుట్టారు. నయాగరా జలపాతం చూడ్డానికి టొరంటో నుంచి కారులో వెళ్లేవారు క్వీన్ ఎలిజబెత్ వే మీద దాటిపోయే ఊరే అది. చదువుకుని అక్కడి బళ్లలోనే పంతులమ్మగా కొన్నేళ్లు పనిచేశారు. ఆ ఊరికి వైద్య చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. డాక్టర్ థియోఫిలస్ మాక్ అనే ఆయన 1874లో అక్కడి ఆసుపత్రిలో నైటింగేల్ పద్ధతిలో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. కెనడాలో అలాంటి బడి అదే మొదటిది. నర్సు అంటే తాగుడు అలవాటున్న, చదువురాని, వేరే పని దొరకని మనిషి అని లోకం అనుకునే కాలంలో, శిక్షణ పొందిన నర్సు లేకుండా రోగం నయం కాదని వాదించిన వైద్యుడాయన. ఇంకో మాట. అదే 1874లో జాన్ మెక్లారిన్ గారు కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను పని ప్రారంభించారు. తరువాతి కాలంలో ఆ మిషను పిఠాపురంలోనూ, ఆకివీడులోనూ, ఉయ్యూరులోనూ ఆసుపత్రులు నడిపింది. మన తాతమ్మలు పురుడు పోసుకున్న ఆసుపత్రులకూ, స్నైవ్లీ గారి కథకూ మూలాలు ఒకే దేశంలో, ఇంచుమించు ఒకే కాలంలో ఉన్నాయని గుర్తుచేయడానికే ఇది చెప్పాను.

ముప్పై అయిదేళ్ల వయసులో, అంటే ఆ రోజుల లెక్కలో జీవితం ఒక గాడిన పడిపోయిందని అందరూ అనుకునే వయసులో, ఆవిడ పంతులమ్మ ఉద్యోగం వదిలి న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రి నర్సింగ్ బడిలో చేరారు. సెయింట్ క్యాథరిన్స్ పక్కనే మెరిటన్‌లో బడి చెప్పిన ఇసబెల్ హాంప్టన్ అనే మరో కెనడా యువతి అంతకు కొద్దికాలం ముందే అక్కడికి వెళ్లారు. ఆమె తరువాత జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ బడికి మొదటి అధిపతి అయ్యారు. ఇద్దరు పంతులమ్మలు నర్సులై రెండు దేశాల నర్సింగ్‌ను మలచడం నాకు కాకతాళీయంగా అనిపించదు. పాఠం చెప్పడం అలవాటైన మనిషికి, చెప్పింది ఎదుటివారికి అందిందా లేదా అని చూసుకోవడమూ అలవాటే. వార్డులో ప్రాణాలు నిలిచేది ఆ అలవాటు మీదే.

బెల్‌వ్యూలో ఆవిడకు దొరికిన పెద్ద ఆస్తి ఒకటుంది. స్నైవ్లీ గారు చేరడానికి సుమారు తొమ్మిదేళ్ల ముందు అక్కడ రాత్రి పర్యవేక్షకురాలిగా పనిచేసిన లిండా రిచర్డ్స్, ప్రతి రోగికీ విడిగా కాగితం పెట్టి నర్సు చూసినది రాసే పద్ధతి మొదలుపెట్టారు. అంతవరకు పగటి నర్సు వెళ్తూ వెళ్తూ రాత్రి నర్సుకు నోటితో చెప్పేది. వినేవారు విన్నంత, గుర్తున్నంత. రిచర్డ్స్ పెట్టిన ఆ కాగితమే ఇవాళ మన ఆంధ్ర ఆసుపత్రుల్లో మంచం చివర వేలాడే కేసు షీటుకు ముత్తాత అనవచ్చు. స్నైవ్లీ గారు 1884లో అక్కడ చదువు పూర్తిచేశారు. అదే సంవత్సరం డిసెంబరులో టొరంటో జనరల్ హాస్పిటల్ నర్సింగ్ బడికి అధిపతిగా వచ్చారు.

అప్పట్లో ఆ ఆసుపత్రి ఇప్పుడున్న యూనివర్సిటీ అవెన్యూ ప్రాంతంలో లేదు. నగరానికి తూర్పున గెరార్డ్ వీధిలో ఉండేది. నర్సింగ్ బడి పెట్టి మూడేళ్లే అయింది. పేరుకు బడి గాని, క్రమమైన పాఠాలు లేవు. నర్సులకు ఒక నివాసమంటూ లేదు, ఆసుపత్రిలో ఎక్కడ గది ఖాళీగా ఉంటే అక్కడ పడుకునేవారు. అన్నిటికన్నా ముఖ్యం, డాక్టర్లు ఇచ్చే ఆదేశాలు ఎక్కడా రాసి ఉండేవి కావు. నర్సుల రాతా లేదు. రోగికి ఏ జబ్బు ఎలా మొదలైంది, నిన్న ఎలా ఉన్నాడు, ఇవాళ ఎలా ఉన్నాడు అన్న చరిత్ర కూడా నర్సుల దగ్గర ఉండేది కాదు.

రాసి లేకపోతే ఏమవుతుంది? ఆ రోజుల్లో ఉత్తర అమెరికా నగరాల వార్డులను నింపిన టైఫాయిడ్‌నే తీసుకుందాం. యాంటీబయాటిక్స్ రావడానికి ఇంకా అరవై ఏళ్ల పైనే ఉంది. టైఫాయిడ్‌కు మందు లేదు, ఉన్నదల్లా నర్సింగే. జ్వరం మూడు నాలుగు వారాలు నడుస్తుంది. రెండో, మూడో వారంలో పేగుల లోపల పుళ్లు పడతాయి. ఆ సమయంలో జ్వరం కాస్త దిగితే రోగికి ఆకలి పుడుతుంది. అన్నం పెట్టమని బతిమాలతాడు. చూడ్డానికి కోలుకున్నట్టే ఉంటాడు. అప్పటి వైద్యుల భయమంతా ఆ ఘడియ గురించే. గట్టి ఆహారం పడితే పుండు చిల్లుపడుతుందని, పాలు, పల్చని ద్రవాలు తప్ప ఏదీ ఇవ్వవద్దని వారి ఆదేశం. మంచం మీంచి లేవనివ్వకూడదు. ఒళ్లు చన్నీటితో తుడవాలి, ఎన్ని గంటలకోసారో లెక్క ఉంటుంది. జ్వరం హఠాత్తుగా పడిపోయి నాడి వేగం పెరిగితే లోపల రక్తస్రావం అవుతోందని అనుమానించాలి.

డాక్టరు ఉదయం వచ్చి ఇదంతా పగటి నర్సుకు చెప్పి వెళ్లాడు. ఆమె సాయంత్రం అలిసిపోయి, ఇరవై మంది రోగుల సంగతులు ఒక్క ఊపిరిలో రాత్రి నర్సుకు చెప్పింది. పన్నెండో మంచం దగ్గర ఒక మాట జారిపోయింది. రాత్రి నర్సు ఏ దురుద్దేశమూ లేకుండా, జాలితో, ఆకలి అంటున్న కుర్రాడికి రొట్టె ముక్క పెట్టింది. ఇది ఫలానా రోగికి జరిగిందని నేను అనడం లేదు, నోటిమాట మీద నడిచే ఏ వార్డులోనైనా జరగడానికి దారి తెరిచే ఉందంటున్నాను. అక్కడ తప్పు ఎవరిది? పెట్టిన చేతిదని లోకం అంటుంది. నాకైతే ఆ చేతికి ఏమీ అందించని ఏర్పాటుదే తప్పనిపిస్తుంది. రోగుల భద్రత గురించి ఇప్పటి నిపుణులు తిరిగి తిరిగి చెప్పేదీ ఇదే: హాని చాలావరకు చెడ్డమనుషుల వల్ల రాదు, మంచివాళ్లు చెడ్డ ఏర్పాటులో పనిచేయడం వల్ల వస్తుంది.

పైగా జ్వరం చార్టు లేకుండా టైఫాయిడ్‌ను కనిపెట్టడమే కష్టం. మెట్లు మెట్లుగా రోజుకు కొంత చొప్పున పెరిగి, పైన నిలబడి, మళ్లీ మెల్లగా దిగే ఆ జ్వరం తీరు ఒకే రోజు చూస్తే తెలియదు. పది రోజుల అంకెలు పక్కపక్కన ఉంటేనే కళ్లకు కడుతుంది. అంటే రాత అనేది జరిగిపోయినదానికి సాక్ష్యం మాత్రమే అయివుంటే సరిపోయేది కాదు. జరగబోయేదాన్ని ముందే చూపించే కిటికీ కూడా అదే.

స్నైవ్లీ గారు ఈ పరిస్థితిని మార్చే పని పెట్టుకున్నారు. ఒక్కరోజులో అయిన పని కాదు. ఆసుపత్రి పెద్ద డాక్టర్ చార్లెస్ ఓరైలీ, నర్సింగ్ బడి తెరిచినవారిలో ముఖ్యులు, ఇంకా చాలా ఏళ్లు అదే పదవిలో ఉన్నారు. స్త్రీల మాట ఆసుపత్రుల్లో చెల్లని కాలంలో, ఇరవై అయిదేళ్లకు పైగా ఒకే ఆసుపత్రిలో నిలిచి, ఆదేశాలు, రోగుల వివరాలు కాగితం మీదకు వచ్చేలా, పాఠాలు ఒక క్రమంలో సాగేలా చేయడమంటే ఎంత ఓర్పు కావాలో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఒకరి చేతిలోని రోగిని ఇంకొకరి చేతికి అప్పగించడం గురించి ఒక చిన్న మాట. మంచి సమరయుని ఉపమానంలో మనం గాయాలు కట్టిన చోటే ఆగిపోతుంటాం. ఆయన మర్నాడు చేసింది కూడా గమనించండి. రోగిని పూటకూళ్లవానికి అప్పగించి, ఏం చేయాలో చెప్పి, ఖర్చుకు రెండు దేనారములు ఇచ్చి, తిరిగి వచ్చి చూస్తానని మాటిచ్చి వెళ్లాడు. ఇవాళ హాస్పిటళ్లలో హ్యాండోవర్ అంటున్నది దీన్నే. సరే, కథలోకి వద్దాం.

రెండోది నిద్ర. నర్సుల నివాసం ఆవిడ వచ్చిన మూడేళ్లకు, 1887లో ఏర్పడింది. చదివేవారికి ఇదేదో హాస్టలు వ్యవహారంలా అనిపించవచ్చు. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు రోగుల కేకల మధ్య, గిన్నెల చప్పుడు మధ్య ఎంతసేపు కునుకు తీస్తుంది? కళ్లు మూతలు పడుతున్న మనిషి చేతికి మందు సీసా ఇస్తే ఏమవుతుంది? ఆ కాలపు అల్మారాలో కార్బాలిక్ యాసిడ్, నల్లమందు ద్రావకం, మామూలు టానిక్కులు ఒకే రకం సీసాల్లో ఉండడం వింత కాదు. నర్సుకు తలుపు వేసుకుని పడుకునే గది ఇవ్వడం రోగికి చేసిన మేలే. షిఫ్టు మీద షిఫ్టు చేయించుకుంటున్న నేటి ఆసుపత్రులు దీన్ని ఎంతవరకు గుర్తుపెట్టుకున్నాయో మన నర్సమ్మలే చెప్పాలి.

మూడోది చదువు. 1896లో ఆవిడ శిక్షణను రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు. అందులో నర్సింగ్ పని మీద 84 గంటల పాఠాలు, వైద్యులు చెప్పే పాఠాలు 119 గంటలు. మూడేళ్లకు రెండువందల గంటల పాఠాలేనా అని ఇప్పటి బీఎస్సీ నర్సింగ్ పిల్లలు నవ్వుకుంటారు. అప్పట్లో ఆసుపత్రులు విద్యార్థినుల రెక్కల మీదే నడిచేవి. పని ముందు, పాఠం తరువాత. రోజంతా వార్డులో నడుము వంచిన అమ్మాయి సాయంత్రం కూర్చుంటే అది తరగతి. చాలా ఆసుపత్రులు చదువుకుంటున్న అమ్మాయిలనే డబ్బున్నవారి ఇళ్లకు పంపి, ఆ కూలి తాము తీసుకునేవి కూడా. అలాంటి రోజుల్లో పాఠానికి గంటలు లెక్కకట్టి ఒక పట్టికలో పెట్టడమే పెద్ద అడుగు. అయితే మూడో ఏడాది వల్ల ఆసుపత్రికి ఇంకో ఏడాది చవక కూలి దొరికిందన్న విమర్శ కూడా చరిత్రకారులు చేస్తారు. అందులోనూ నిజం ఉంది.

ఆ పాఠాల అవసరం ఏమిటో ఒక్క స్పాంజి చాలు చెప్పడానికి. లిస్టర్ 1867లో కార్బాలిక్ యాసిడ్‌తో పుండ్లు చీము పట్టకుండా ఆపవచ్చని ప్రకటించే దాకా, ఒకే గిన్నె నీళ్లు, ఒకే స్పాంజి పట్టుకుని మంచం తరువాత మంచం గాయాలు కడుగుతూ పోవడం ఆసుపత్రుల్లో మామూలు. శుభ్రం చేస్తున్నామనుకుంటూనే చావును పంచిపెట్టారు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే – స్నైవ్లీ గారు పుట్టిన సంవత్సరమే – డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల చావులు తగ్గుతాయని చూపించి ఎగతాళికి గురయ్యారు. ఆవిడ టొరంటోకు వచ్చేనాటికి సూక్ష్మజీవుల సంగతి శాస్త్రవేత్తలకు తెలుసు. కాని తెలిసినది చేతుల్లోకి రావాలంటే మంచం దగ్గర నిలబడే అమ్మాయికి ఎందుకో అర్థం కావాలి. ఎందుకో తెలియని మనిషి, తొందరలో ఉన్నప్పుడు మొదట వదిలేసేది చేతులు కడుక్కోవడమే.

ఆసుపత్రి గోడల బయట ఆవిడ చేసిన పని త్వరగా చెబుతాను. 1899లో లండన్‌లో అంతర్జాతీయ నర్సుల మండలి రూపుదిద్దుకున్నప్పుడు దాని మొదటి కోశాధికారి ఆవిడే. 1907లో కెనడాలోని నర్సింగ్ బడుల అధిపతులను ఒక సంఘంగా కూర్చారు. 1908లో ఒటావాలో జరిగిన సమావేశంలో దేశమంతటి శిక్షిత నర్సుల జాతీయ సంఘం పుట్టింది, మొదటి అధ్యక్షురాలు స్నైవ్లీ గారే. ఇవాళ కెనడియన్ నర్సెస్ అసోసియేషన్ అంటున్నది ఆ సంఘాన్నే. ఆ పేరు 1924లో వచ్చింది. మన దేశపు ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా 1908లోనే ఏర్పడింది. మరుసటి ఏడు, 1909లో, కెనడా అంతర్జాతీయ మండలిలో సభ్యదేశమైంది. భారతదేశం 1912లో చేరింది.

ఈ సంఘాలన్నీ ఎందుకు? రిజిస్ట్రేషన్ కోసం. అప్పట్లో ఎవరైనా తెల్ల ఏప్రాను కట్టుకుని నర్సునని చెప్పుకోవచ్చు. అడ్డుకునే చట్టం లేదు. ఇంట్లో రోగం వచ్చి నర్సును పిలిపించుకున్న కుటుంబానికి, వచ్చినావిడ మూడేళ్లు చదివిందో, మూడు వారాలు ఎక్కడో గిన్నెలు కడిగిందో తెలుసుకునే దారే లేదు. ఒంటారియో నర్సులు ఈ శతాబ్దానికి ముందు శతాబ్దపు మొదటి పదేళ్లలోనే చట్టం కోసం శాసనసభ తలుపు తట్టి వెనక్కి వచ్చారు. నోవా స్కోషియాలో 1910లో చట్టం వచ్చింది. ఒంటారియోలో వచ్చేసరికి 1922. అప్పటికి స్నైవ్లీ గారు ఉద్యోగం విరమించి పన్నెండేళ్లు.

ఈ రిజిస్ట్రేషన్ మాట ఎత్తగానే మనవాళ్లలో కొందరికి గుండె కలుక్కుమంటుందని తెలుసు. ఆంధ్రలోనో, తెలంగాణలోనో పదేళ్లు ఐసీయూ చూసి వచ్చి, ఇక్కడ సర్టిఫికెట్ల పరిశీలనకూ, ఇంగ్లిషు పరీక్షకూ, ఎన్‌క్లెక్స్‌కూ ఎదురుచూస్తూ వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పనిచేస్తున్న అక్కచెల్లెళ్లు మన మధ్యనే ఉన్నారు. ఆ గేటు పెట్టింది రోగి కోసమే, అది ఉండాలి. కాని గేటు తెరవడంలో ఆలస్యమైతే రోగికీ నష్టమే, ఎందుకంటే లోపల మంచాల దగ్గర మనుషులు చాలడం లేదు. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ తరం కట్టిన నర్సింగ్ బడుల తలుపులు అందరికీ తెరిచి లేవు. కెనడా బడులు నల్లజాతి యువతులను 1940ల వరకు చేర్చుకోలేదు. నర్సు కావాలంటే వాళ్లు అమెరికా వెళ్లాల్సివచ్చింది. స్నైవ్లీ గారిని మెచ్చుకుంటూనే ఇదీ గుర్తుంచుకోవడం న్యాయం.

ఆవిడ మొదలుపెట్టిన కాగితం పని ఎంత దూరం వచ్చిందో ఒక లెక్క చూడండి. ఆసుపత్రుల్లో చికిత్స వల్లనే రోగులకు ఎంత హాని జరుగుతోందో కొలవడానికి కెనడాలో జరిగిన మొదటి దేశవ్యాప్త పరిశోధన 2004లో వెలువడింది. రాస్ బేకర్, పీటర్ నార్టన్, వారి సహచరులు చేశారు. అయిదు రాష్ట్రాల్లో 20 ఆసుపత్రులు, 3,745 మంది రోగుల చార్టులు తెరిచి చదివారు. 2000వ సంవత్సరంలో ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 7.5 మందికి చికిత్స వల్ల ఏదో ఒక హాని జరిగిందని తేలింది. అందులో మూడో వంతు పైగా తప్పించగలిగినవే. నివారించగలిగిన హాని వల్ల ఏటా 9 వేల నుంచి 24 వేల మంది దాకా చనిపోతున్నారని అంచనా వేశారు. ఈ అంకెలు చూసి దేశం ఉలిక్కిపడింది. నాకు మాత్రం ఆ 3,745 చార్టులే కళ్లముందు మెదులుతాయి. ఏదో ఒక రాత్రి మూడు గంటలకు, కళ్లు మండుతున్నా, ఒక నర్సు నిజాయితీగా రాసిపెట్టిన వరుసలు అవి. తన వార్డులో జరిగిన పొరపాటును కూడా ఉన్నదున్నట్టు రాసింది కాబట్టే కొన్నేళ్ల తరువాత ఎవరో చదివి లెక్కపెట్టగలిగారు. 1884 నాటి టొరంటో ఆసుపత్రిలో ఇలాంటి పరిశోధన చేయాలనుకున్నా చదవడానికి ఏమీ ఉండేది కాదు. ఎంతమంది చనిపోయారో చెప్పగలిగేవారేమో గాని, ఎందుకో చెప్పలేకపోయేవారు.

అందుకే మనలో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేరినప్పుడు, నర్సు వచ్చి పేరు, పుట్టినతేదీ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోవద్దు. ఇప్పుడే చెప్పాను కదమ్మా అంటారు మన పెద్దవాళ్లు. చేతి పట్టీ మీద ఉన్నదీ, కాగితం మీద ఉన్నదీ, మీ నోటినుంచి వచ్చేదీ ఒకటేనా అని ఆమె సరిచూసుకుంటోంది. ఇండియా నుంచి తెచ్చుకుని వేసుకుంటున్న మాత్రలు, ఆయుర్వేదం పొడులు కూడా దాచకుండా చెప్పి రాయించండి. ఇంగ్లిషు రాని అమ్మానాన్నలకైతే పక్కన కూర్చుని మీరే చెప్పండి, లేదా దుబాసీని అడగండి.

స్నైవ్లీ గారు 1910లో టొరంటో జనరల్ నుంచి విరమించారు. అప్పటికి ఆవిడ దగ్గర చదివిన నర్సులు ఎన్నో ఊళ్ల ఆసుపత్రుల్లో అధిపతులుగా ఉన్నారు. ఆ బడి పూర్వవిద్యార్థినులు 1905లో మొదలుపెట్టిన ద కెనడియన్ నర్స్ పత్రిక దేశమంతా చదువుతోంది. మూడేళ్ల తరువాత ఆసుపత్రి గెరార్డ్ వీధి వదిలి కొత్త భవనాలకు మారింది. అదే 1913లో జీన్ గన్ అనే మరో గట్టి మనిషి ఆవిడ కుర్చీలోకి వచ్చారు. స్నైవ్లీ గారు 1933 సెప్టెంబరులో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి కెనడాలోని అన్ని రాష్ట్రాల్లోనూ నర్సుల రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చి పదేళ్లు దాటింది.